శనివారం, ఆదివారం, ఆరు పూటలు: వైజాగా, కాకినాడా, పూరీయా?

సంక్రాంతి అలా వెళ్ళిందో లేదో నాకు ఫోన్లు మొదలవుతాయి. ఇజీనారంలో ఉండే మా బావ, ఆఫీసులో పక్క సీటాయన, మా మేడ మీద అద్దెకుండే మాస్టారు, అందరిదీ ఒకటే ప్రశ్న. "రెండ్రోజులు ఎక్కడికైనా ఎల్లి సుబ్బరంగా తినొచ్చీయాల. సముద్రం కూడా ఉండాల. ఎక్కడికెల్దాం?" తిండి కోసం ఊళ్ళు తిరుగుతానని మా సిక్కోల్లో, అంటే శ్రీకాకుళంలో, నాకో పేరుంది. దాన్ని చెడగొట్టుకోవడం ఇష్టం లేక ఇన్నాళ్ళూ అడిగినవాళ్ళందరికీ ఓపిగ్గా చెబుతూ వచ్చాను. పోయిన ఫిబ్రవరిలో అమ్మని, మా ఆవిడని, అబ్బాయిని తీసుకుని పూరీ వెళ్ళొచ్చాక మాత్రం నా జవాబు కాస్త మారింది.

నా లెక్క చిన్నది. శుక్రవారం రాత్రో శనివారం తెల్లవారుజామునో బయల్దేరి ఆదివారం రాత్రికి తిరుగు రైలెక్కితే చేతిలో ఉండేవి ఆరు పూటలు. రెండు టిఫిన్లు, రెండు భోజనాలు, రెండు రాత్రులు. ఈ ఆరింటిలో ఆ ఊరు వెళ్తే తప్ప దొరకనివి ఎన్ని? నేను చూసేది ఇదొక్కటే. గది అద్దె, బీచ్ శుభ్రం, పార్కింగ్ లాంటివి మా ఆవిడ చూసుకుంటుంది.

వైజాగ్ దగ్గర. మా ఊరి స్టేషన్ ఆమదాలవలసలో రైలెక్కితే రెండు గంటలు, హైవే మీద నూట పది కిలోమీటర్ల చిల్లర. అందుకే అందరూ ముందు దాని పేరే చెబుతారు, చేపల కోసం అంటారు. అక్కడే నాకు పేచీ. మా వీధికి వారంలో నాలుగు రోజులు కళింగపట్నం వైపు నుంచి తట్ట నెత్తిన పెట్టుకుని ఒకావిడ వస్తుంది. కవ్వళ్ళు, కానాగంతలు, అదృష్టం బాగుంటే చందువాలు. మామిడికాయ వేసి అమ్మ పెట్టే నెత్తళ్ళ పులుసు మానేసి, అదే సముద్రంలో పట్టిన అదే చేపని నూట పది కిలోమీటర్లు వెళ్ళి, రంగు మసాలా పూసిన ముక్కగా తినడమెందుకు? ఫిషింగ్ హార్బర్‌కి తెల్లారగట్ల వెళ్తే పడవలు దిగే సందడి, మంచు పెట్టెలు, వేలం పాట కేకలు బాగానే ఉంటాయి. కానీ చూసిన చేపని వండుకోవడానికి మనకక్కడ పొయ్యి లేదు. ఉదయం వంజరం మొహం చూసొచ్చి, మధ్యాహ్నం హోటల్లో ఏది పెడితే అది తినాలి.

రెండేళ్ళ కిందట మే నెలలో వెళ్ళాం. బీచ్‌కి దగ్గర్లోనే ఓ పెద్ద హోటల్లో వంజరం వేపుడు చెప్పాను. ముక్క పైకి ఎర్రగా నిగనిగలాడుతోంది, విరిస్తే లోపల తడిసిన అట్టలా పొరలు పొరలు. "ఫ్రెష్షేనా?" అంటే "ఇవాళ పొద్దున్నే వచ్చింది సార్" అన్నాడు కుర్రాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరమంతా మర పడవలకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా అమలయ్యేదే. ఇక పొద్దున్నే ఏ పడవ వచ్చిందో! ఆ కుర్రాణ్ణి ఏమనగలం, వాడు చెప్పమన్నది చెప్పాడు. వేసవి సెలవుల్లో సముద్రపు చేప కోసం వైజాగ్ వెళ్దామనుకునేవాళ్ళు ఈ రెండు తేదీలు గోడ మీద రాసిపెట్టుకోండి.

వైజాగ్‌కి సాయంత్రాలున్నాయి, అది కాదనను. బీచ్ రోడ్డులో గట్టు మీద కూర్చుని, కడుపులో ఉల్లిపాయ, నిమ్మరసం కూరిన టమాటా బజ్జీ తింటూ ఓడ దీపాలు చూడ్డం ఇంకెక్కడా కుదరదు. వచ్చేటప్పుడు మాడుగుల హల్వా డబ్బా ఒకటి. బొంగులో చికెన్ గురించి అడుగుతారు గానీ దాని అసలు చోటు అరకు, అక్కడికి వెళ్ళినప్పుడు చూసుకోవచ్చు. నా లెక్కలో వైజాగ్‌కి ఆరింట ఒకటిన్నర. పిల్లలు పిజ్జా, బిర్యానీ తప్ప ముట్టని ఇల్లయితే మాత్రం ఇంకేం ఆలోచించకుండా వైజాగే వెళ్ళండి, ఇంట్లో శాంతి ఉంటుంది.

కాకినాడ సంగతి వేరు. అది మధ్యాహ్నం భోజనం ఊరు. ఆమదాలవలస నుంచి సామర్లకోట నాలుగైదు గంటలు, అక్కడి నుంచి కాకినాడ పదిహేను కిలోమీటర్లు. సుబ్బయ్య గారి హోటల్లో అరిటాకు ముందు కూర్చున్నాక ఇంక మన చేతిలో ఏమీ ఉండదు. పొడులు, నెయ్యి, పప్పు, పులిహోర, వేపుళ్ళు, పులుసు, గడ్డ పెరుగు వరసగా దిగుతూనే ఉంటాయి. చాలు అని చెయ్యి అడ్డం పెడితే, పెళ్ళివారింట్లో పెద్దమావయ్యలా వేళ్ళ సందుల్లోంచి వడ్డించేస్తారు. మన వైపు వంటకి, గోదావరి వంటకి తేడా అక్కడ తెలుస్తుంది. మనం ఆవపిండి, నువ్వుపిండి పెట్టి, చిటికెడు బెల్లం వేసి ఊరుకుంటాం. వాళ్ళు ప్రతిదాన్నీ ఇంకో మెట్టు ఎక్కిస్తారు.

తరవాత గొట్టం కాజా. కోటయ్య కాజా పేరు వినని వాళ్ళుండరు కాబట్టి ఎలా తినాలో మాత్రం చెబుతాను. బొటనవేలంత గొట్టం, పైన కరకర, లోపలంతా పాకం. సగం కొరికితే మిగతా పాకం మోచేతి దాకా కారుతుంది, కొత్తవాళ్ళని అలాగే గుర్తుపట్టచ్చు. మొత్తం నోట్లో పెట్టుకుని పెదాలు మూసి అప్పుడు నొక్కాలి. మా అబ్బాయి మూడో కాజాకి గానీ ఈ విద్య నేర్వలేదు, వాడి తెల్లచొక్కా ఇప్పటికీ సాక్ష్యం.

శ్రావణం, భాద్రపదం రోజుల్లో గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు వెళ్తే పక్కనే యానాం, అక్కడ పులస. సముద్రంలోంచి నదికి ఎదురీదే ఆ చేప కోసం పుస్తెలు అమ్మమన్నారు పెద్దలు, ఇప్పుడున్న ధరకి పుస్తెలు చాలవు. కార్తీకం వైపు వెళ్తే చీరమేను. చీరతో పట్టే వెంట్రుకంత చేపపిల్లలు, గ్లాసుతో కొలిచి అమ్ముతారు. ఈ రెండింటిలో ఏదో ఒకటి కలిసొస్తే కాకినాడకి నాలుగు పూటలు రాసేస్తాను, మామూలు రోజుల్లో మూడు. నోటి రుచి ఒక్కటే చూస్తే ఈ పోటీలో కాకినాడే గెలుస్తుంది. మా ఆఫీసులో అడిగినవాళ్ళలో సగం మందికి ఇప్పటికీ అదే చెబుతాను.

మరి నా జవాబు మారిందన్నాను కదా. కాజా మా ఊళ్ళో డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర కూడా దొరుకుతోంది. సుబ్బయ్య గారి భోజనం బుట్టలో సర్దుకుని తెచ్చుకోవచ్చు, ఆ పేరుతో వేరే ఊళ్ళలోనూ హోటళ్ళు వచ్చాయి. పులస మంచులో పెట్టుకుని బస్సెక్కి వచ్చేస్తుంది. వెళ్తే తప్ప దొరకనిది అన్న గీత దగ్గర ఇవన్నీ కొంచెం కొంచెం జారిపోతున్నాయి. జారనిది ఒకటుంది.

పూరీ ఆమదాలవలస నుంచి రైల్లో ఆరేడు గంటలు, ఖుర్దా రోడ్ దగ్గర దారి మళ్ళుతుంది. ఆ ఊళ్ళో తిండి అంతా గొప్పదని చెబితే అబద్ధమవుతుంది. టిఫిన్ విషయంలో మనకి కష్టమే, దోసె పేరుతో ఇచ్చినదాన్ని మా అమ్మ చూసి "ఇదేటిరా, రుమాలా?" అంది. రాత్రి స్వర్గద్వారం బీచ్ దగ్గర చేపలు వేయిస్తారు, ఆవనూనె వాసన మా ఆవిడకి పడలేదు. బెంగాలీ యాత్రికులు ఎక్కువ కాబట్టి హోటళ్ళూ వాళ్ళ నోటికే వండుతాయి. ఇంతవరకూ మార్కులు సున్నా.

మధ్యాహ్నం దాటాక గుడి ప్రాకారంలో ఈశాన్యం వైపు ఆనందబజారులోకి వెళ్ళాం. ఫోన్లు బయట కౌంటర్లో ఇచ్చేయాలి, అందుకే నా దగ్గర ఒక్క ఫోటో లేదు. పొగచూరిన ఎర్రమట్టి కుండలు వరసలుగా. అన్నం, పప్పు, కూరలు, పులుపు, అన్నీ కట్టెల పొయ్యి మీద కుండ మీద కుండ పెట్టి వండినవి. పైకుండే ముందు ఉడుకుతుందని అక్కడివాళ్ళ నమ్మకం. జగన్నాథుడికి, ఆ తరవాత విమలాదేవికి నివేదన అయ్యాకే అది మహాప్రసాదం. అన్నప్రసాదాన్ని వాళ్ళు అబఢా అంటారు. ఉల్లి, వెల్లుల్లి లేవు. బంగాళాదుంప, టమాటా కూడా లేవు, పరదేశాల నుంచి వచ్చిన కూరలని వాటిని లోపలికి రానివ్వరు. కంద, చామ, గుమ్మడి, అరటికాయ, వంకాయ. వీటితోనే అన్నీ.

అమ్మకున్నంత మడి మా వంశంలో ఎవరికీ లేదు. ఎవరిదైనా చెయ్యి తగిలిందంటే ఆ గిన్నె తోమాల్సిందే. అక్కడ కుండ వెనక కూర్చున్నాయన పప్పు మూత తీసి, ముందు రుచి చూడమని సైగ చేశాడు. మాకంటే ముందు ఒకాయన అదే కుండలో వేళ్ళు పెట్టి చప్పరించి వెళ్ళడం అమ్మ చూసింది. నేను ఊపిరి బిగబట్టాను. ఆవిడ ఒక్క క్షణం ఆగి, చెయ్యి చాపి, తను కూడా అందులోంచే తీసుకుంది. "జగన్నాథుడి దగ్గర ఎంగిలేటిరా" అని నన్నే కసిరింది. సర్వం జగన్నాథం అని ఊరికే వాడేస్తుంటాం, ఆ మాట అమ్మ చేతివేళ్ళ మీద మొదటిసారి చూశాను.

నేల మీద ఆకులు పరుచుకుని కూర్చున్నాం. అన్నం పొగలు కక్కుతోంది, కొంచెం కట్టెపొగ వాసన, కొంచెం మట్టి వాసన. బేసర అనే కూర నోట్లో పెట్టుకోగానే మా ఆవిడ నా వంక చూసింది. ఆవ పెట్టిన మా పనసపొట్టు కూరకి అది పెద్దమ్మ కూతురు. కనికా అని నెయ్యి వేసిన తీపి అన్నం మా అబ్బాయి ఒక్కడే ఖాళీ చేశాడు. కొత్తదీ అనిపించలేదు, ఇంట్లోదీ అనిపించలేదు. ఈ గుడి కట్టించిన చోడగంగదేవుడి పాత రాజధాని మన ముఖలింగమే అని నేను 12వ శతాబ్దం కథ ఎత్తుకుంటే, అమ్మ వినకుండానే "అందుకే ఆవ బాగా నూరారు" అని తేల్చేసింది.

మర్నాడు బద్ధకించి, మేం దిగిన హోటల్ కుర్రాణ్ణి గదికే తెచ్చిపెట్టమన్నాం. రెట్టింపు డబ్బు తీసుకుని రెండు గంటలు ఆలస్యంగా తెచ్చాడు. అదే అన్నం, అదే పప్పు, చల్లారి గడ్డకట్టి. ఒక్క రోజు తేడాలో రెండు వేరు వేరు తిళ్ళు. నేల మీద వేడివేడిగా కూర్చుని తింటేనే అది అది. తప్పు మాదే.

సాయంత్రం ఛెనాపోడా తిన్నాం, విరిగిన పాల ముద్దని పంచదార కలిపి అంచులు మాడేదాకా కాల్చింది. మాడిన అంచు కోసం నేనూ మా అబ్బాయీ కొట్టుకున్నాం. ఖాజా కూడా కొన్నాం. తాపేశ్వరం మడత కాజాకి చుట్టంలా పొరలు పొరలుగా ఉంటుంది గానీ పాకం పైపైనే. వారమైనా పాడవదు కాబట్టి నా లెక్కలోకి రాదు. మొత్తం మీద పూరీకి ఆరింట రెండే. ఆ రెండు మాత్రం పార్సిల్ కావు.

రోజులు చూసుకుని వెళ్ళాలి. జ్యేష్ఠ పూర్ణిమ స్నానం తరవాత పదిహేను రోజులు స్వామికి జ్వరమని దర్శనం ఉండదు, మహాప్రసాదం కూడా ఉండదు. అప్పుడు జనం బ్రహ్మగిరిలో అలారనాథుడి గుడికి వెళ్ళి పాయసం తింటారు. రథయాత్రలో స్వామి గుండిచా గుడిలో ఉంటాడు, తినడానికి వెళ్ళేవాళ్ళు ఆ జనంలో నలగక్కర్లేదు. వేట నిషేధం ఉన్న ఏప్రిల్, మే నెలల్లో అయితే ఎండకి ఓర్చుకోగలిగినవాళ్ళకి మిగిలేది పూరీయే. ఇంకో మాట. హిందువులు కానివాళ్ళని ఆ గుడిలోకి రానివ్వరు. కలిసి వెళ్ళే బృందంలో అలాంటి స్నేహితులుంటే ఒకరిని బయట నిలబెట్టి తినడం నాకు ముద్ద దిగని పని, అప్పుడు కాకినాడకే వెళ్ళండి.

ఒడిశాలో గోపాల్‌పూర్ బీచ్ అడుగుతారు. సముద్రం బాగుంటుంది, తిండికి పక్కనున్న బరంపురంలో అప్పడాలు, ఊరగాయలు కొనుక్కుని రావడమే. చిలికా పీతల కోసం రంభలో ఆగొచ్చు, ఒక పూట పని. పాండిచ్చేరి, కొచ్చి అంటే రెండ్రోజులూ రైల్లోనే అయిపోతాయి.

ఆనందబజారులో అందరూ పారేసే కుండల్లోంచి అమ్మ ఒకటి చీరకొంగులో దాచి తెచ్చింది. వచ్చిన వారానికి కందిపప్పు, గుమ్మడికాయ ముక్కలు వేసి, ఉల్లిపాయ లేకుండా, ఆ కుండలోనే గ్యాస్ మీద పెట్టింది. పప్పు ఉడికేలోగా కుండ టప్పున పగిలి బర్నర్ నిండా పసుపునీళ్ళు. మిగిలిన పప్పు కుక్కర్లోకి వంచి పూర్తి చేసింది. అందరం లొట్టలేసుకుని తిన్నాం. అమ్మ మాత్రం రెండు ముద్దలు తిని, "పప్పు బానే ఉంది గానీ, అది కాదురా" అని పెరుగు వేసుకుంది.