8 వేస్ ఫ్రేమ్‌వర్క్: క్లాసులో వాడుతున్న టీచర్ రివ్యూ

ఆస్ట్రేలియాలో టీచర్లుగా చేరే మన వాళ్లు, ముఖ్యంగా న్యూ సౌత్ వేల్స్ లోపలి ఊళ్లలో పోస్టింగ్ వచ్చిన వాళ్లు, తరచూ అడిగే సంగతి ఒకటుంది. అబొరిజినల్ (అక్కడి ఆదివాసీ) పిల్లలకు పాఠం ఎలా చెప్పాలి, ఏ ట్రైనింగ్ తీసుకుంటే మంచిది అని. టీచర్ల జాతీయ ప్రమాణాల్లో 1.4, 2.4 రెండూ దీని మీదే ఉన్నాయి కాబట్టి ఎవరికైనా తప్పని పని ఇది. డబ్బు కట్టి వర్క్‌షాప్‌లో చేరే ముందు 8 వేస్ చదవండి అని అందరికీ చెప్తుంటాను, అబొరిజినల్ సమాజాలు నేర్పే తీరులోనే పాఠం చెప్పడానికి ఎనిమిది పద్ధతులున్న ఫ్రేమ్‌వర్క్ ఇది. ఉచితంగానే దొరుకుతుంది.

పశ్చిమ న్యూ సౌత్ వేల్స్‌లో 2000ల చివర్లో ఇది రూపు దిద్దుకుంది. రాష్ట్ర విద్యాశాఖలోని అబొరిజినల్ సిబ్బంది, అక్కడి సమాజాల పెద్దలు, జేమ్స్ కుక్ యూనివర్సిటీ కలిసి చేసిన పని, టైసన్ యుంకపోర్టా పరిశోధన దీనికి పెద్ద ఆధారం. ఇందులోని జ్ఞానం మాత్రం విరాజురి, గమిలరాయ్, బార్కిండ్జి లాంటి ఆ నేల ప్రజలదే. ఎనిమిది పద్ధతులూ ఇవి: కథలు పంచుకోవడం, నేర్చుకునే దారిని మ్యాపులా గీసి చూపడం, మాటల్లేకుండా చూసి చేసి నేర్చుకోవడం, గుర్తులు బొమ్మలు వాడడం, పాఠాన్ని నేలతో ముడిపెట్టడం, ఒకే వరసలో కాకుండా చుట్టూ తిరిగి విషయాన్ని పట్టుకోవడం, మొత్తం చూశాక విడదీసి మళ్లీ కట్టడం, నేర్చుకున్నది సమాజానికి పనికొచ్చేలా చేయడం.

వీటిలో నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఆ విడదీసి కట్టే పద్ధతి. మనలో చాలామందికి సైన్స్ రిపోర్ట్ రాయించడమంటే ముందు శీర్షిక, తర్వాత ఉద్దేశం, తర్వాత పద్ధతి అంటూ ముక్కముక్కగా చెప్పడమే అలవాటు, పిల్లాడికి చివరి దాకా అసలు ఏం తయారవుతోందో తెలియదు. ఇక్కడ ముందే పూర్తయిన మంచి రిపోర్ట్ ఒకటి చేతికిచ్చి, క్లాసంతా కలిసి చదివి, ఏ భాగం ఎందుకుందో విప్పి చూసి, కలిసి ఒకటి రాసి, ఆ తర్వాతే ఎవరిది వాళ్లు రాస్తారు. తప్పు చెప్తానేమో, అందరి ముందు చులకనవుతానేమో అన్న భయంతో నోరు విప్పని పిల్లలు ఈ పద్ధతిలో రాయడం మొదలుపెట్టారు, అబొరిజినల్ పిల్లలే కాదు, మిగతా వాళ్లు కూడా. టర్మ్ మొదటి రోజే యూనిట్ మొత్తం మ్యాపుగా గోడ మీద పెట్టడం కూడా అంతే మేలు చేసింది, ఇప్పుడెక్కడున్నామో పిల్లలే చూపిస్తారు.

నేలతో ముడిపెట్టడం దగ్గర ఈ ప్రాంతానికి కొదవే లేదు. బ్రేవారినా దగ్గర బార్వన్ నదిలో న్గెంబా ప్రజలు చేపలు పట్టడానికి రాళ్లతో కట్టిన వలయాలు దాదాపు అర కిలోమీటరు పొడవుంటాయి, నీటి మట్టం పెరిగినా తగ్గినా ఏదో ఒక వలయం పనిచేసేలా వేర్వేరు ఎత్తుల్లో కట్టారు. నీటి ప్రవాహం, ఎత్తు, వాలు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ పాఠ్యపుస్తకంలో నాకు కనపడలేదు. అలాగే గమిలరాయ్ వాళ్ల ఆకాశపు ఎమూ. పాలపుంతలోని నల్లటి మరకల్లో ఏప్రిల్, మే నెలల్లో పరిగెడుతున్న ఎమూ కనపడుతుంది, జూన్, జూలైకి కాళ్లు మాయమై గూటి మీద కూర్చున్నట్టు ఉంటుంది, కింద నేల మీద ఎమూలు గుడ్లు పెట్టి పొదిగే కాలం కూడా అదే. ఖగోళం, జీవశాస్త్రం రెండూ ఒకే పాఠంలో వచ్చేస్తాయి. కానీ ఏ కథ ఎవరు చెప్పొచ్చు, ఎక్కడి దాకా చెప్పొచ్చు అన్నది అక్కడి పెద్దలను అడిగి తెలుసుకోవాలి, ఇంటర్నెట్‌లో చూసి మనమే చెప్పేయడం మర్యాద కాదు.

నేను ఒక సంస్థ పెట్టిన పెయిడ్ వర్క్‌షాప్‌కి కూడా వెళ్లాను. ఫొటోలన్నీ ఉత్తరాన ఎడారి ప్రాంతాలవి, చివర్లో చుక్కల పెయింటింగ్ వేయించారు. మా స్కూల్లో పిల్లలు విరాజురి వాళ్లు. వాళ్ల గురించి ఒక్క మాట లేదు. ఇలాంటివి చూస్తే నిజంగా కోపం వస్తుంది, ఎందుకంటే టీచర్ సర్టిఫికెట్ తీసుకుని వెళ్లిపోతారు, నష్టం మాత్రం పిల్లలకే. 8 వేస్ ఇందుకు పూర్తిగా ఎదురు. సంస్కృతి గురించి ఒక పాఠం చెప్పి ఊరుకోకుండా, ప్రతి పాఠాన్నీ ఆ సంస్కృతి నేర్పే పద్ధతిలోనే చెప్పమంటుంది, వేరే ప్రాంతం వాళ్లు దీన్ని తెచ్చి అలాగే దించేయకుండా తమ ఊరి సమాజంతో మాట్లాడి మార్చుకోవాలంటుంది.

లోటుపాట్లు లేకపోలేదు. ఎనిమిది బొమ్మలతో చక్కటి చార్ట్ కాబట్టి లామినేట్ చేసి గోడకు తగిలించి పని అయిపోయిందనుకునే ప్రమాదం చాలా ఉంది. ఇంకోటి, "ఈ పిల్లలు చేతులతోనే నేర్చుకుంటారు" అని తేల్చేసి కష్టమైన ఆల్జీబ్రా పక్కన పెట్టేసే టీచర్లు ఉన్నారు, అది ఫ్రేమ్‌వర్క్ చెప్పింది కాదు, వాళ్ల తక్కువ అంచనా. క్వీన్స్‌లాండ్‌లోని చెర్బర్గ్ స్కూల్లో ప్రిన్సిపాల్‌గా క్రిస్ సారా పట్టుబట్టింది సరిగ్గా దీని మీదే, అబొరిజినల్ పిల్లల మీద పెద్ద ఆశలు పెట్టుకుని తీరాలని. ఇక ఈ ఎనిమిదింటిలో చెవి ఆరోగ్యం లేదు, అది విడిగా తెలుసుకోవాల్సిందే. మధ్య చెవి ఇన్ఫెక్షన్లు అబొరిజినల్ పిల్లల్లో చాలా ఎక్కువ, వినపడక ఊరుకున్న పిల్లాడిని మాట వినడం లేదని తిట్టడం ఎంత అన్యాయమో ఆలోచించండి. కళ్లలోకి చూడకపోవడం, జవాబుకి ముందు కాసేపు మౌనంగా ఉండడం కూడా పొగరు కాదు, చాలా కుటుంబాల్లో అది గౌరవం.

ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర మార్కు తగ్గించింది, కాగితం మీద చదివితే ఇది అర్థం కావడానికి టైమ్ పడుతుంది, పక్కన తెలిసిన మనిషి ఉండాలి. మీ స్కూల్లో అబొరిజినల్ ఎడ్యుకేషన్ ఆఫీసర్ ఉంటే యూనిట్ ప్లాన్ రాసే ముందే వాళ్లతో కూర్చోండి, మీ ప్రాంతపు ఏఈసీజీ (చదువు విషయాల్లో అబొరిజినల్ సమాజం తరఫున సలహా ఇచ్చే సంఘం) మీటింగ్ ఎప్పుడో వాళ్లే చెప్తారు. మొదటిసారి వెళ్లినప్పుడు వినడానికే వెళ్లండి, మీ ప్లాన్ రెండోసారి తీసుకెళ్లొచ్చు.