మామూలు క్రూజా, అడాప్టివ్ క్రూజా? బెంగళూరు నుంచి ఊరికెళ్లేవాళ్లకి ఏది మేలు?

యాక్సిలరేటర్ తొక్కకుండానే మీరు పెట్టిన వేగంలో కారు తనే పోయేది మామూలు క్రూజ్ కంట్రోల్, ముందు బండిని బట్టి వేగం తనే సర్దుకునేది అడాప్టివ్. ఈ అడాప్టివ్ క్రూజ్ కోసం టాప్ వేరియంట్‌కి అంత డబ్బు పోయాలా, మామూలు క్రూజ్‌తో సరిపెట్టుకోవచ్చా అని ఇక్కడ కారు కొనబోయే మనవాళ్లు తెగ అడుగుతున్నారు. పండగొస్తే దేవనహళ్లి దాటి 44వ నంబర్ హైవే మీద అనంతపురం, కర్నూలు వైపు వెళ్లేవాళ్లయితే నా ఓటు అడాప్టివ్‌కే, అదీ పగటిపూట వరకే.

మామూలు క్రూజ్ 1958లోనే క్రైస్లర్ ఇంపీరియల్‌లో వచ్చింది. మీరు 90 పెడితే 90లోనే పోతుంది, ముందు ఏముందో దానికి పట్టదు. కానీ మన హైవేలో 60లో పోయే లారీని 62లో ఇంకో లారీ ఓవర్‌టేక్ చేస్తూ కుడి లేన్ వదలదు, మీరు బ్రేక్ తొక్కుతారు, క్రూజ్ ఆగిపోతుంది, మళ్లీ రెజ్యూమ్ నొక్కుతారు, ఇంతలో మరో లారీ. విసుగొచ్చి దాని జోలికే వెళ్లరు.

అడాప్టివ్ అయితే ఆ లారీ వెనక తనే 62కి దిగి, అది ఎడమకి జరగగానే మళ్లీ 90 అందుకుంటుంది. 1995లో మిత్సుబిషి డయామంటేలో లేజర్‌తో వచ్చినప్పుడు బ్రేక్ వేసేది కాదు, యాక్సిలరేటర్ తగ్గించి గేరు దించేది, అంతే. 1999లో మెర్సిడెస్ ఎస్-క్లాస్ రాడార్‌తో బ్రేక్ కూడా తనే వేసింది. మన దగ్గర 2021లో మహీంద్రా ఎక్స్‌యూవీ700తో మధ్యస్థ ధరల్లోకి దిగింది. పెనుకొండ దాటేసరికి కుడికాలు పీకకుండా ఉండటం ఎంత హాయో దూరాలు నడిపేవాళ్లకే తెలుస్తుంది.

ఇబ్బంది ముందు బండికి అది వదిలే గ్యాప్‌తోనే. 100 వేగంలో రెండు సెకన్ల దూరమంటే దాదాపు 55 మీటర్లు, అంత ఖాళీ కనిపిస్తే ఎవరో ఒకరు దూరిపోతారు, మన కారు బ్రేక్ వేస్తుంది, వెనక సీట్లో అమ్మావాళ్లకి కడుపులో తిప్పుతుంది. అలాగని సెట్టింగ్‌లో గ్యాప్‌ని ఒక్క గీతకి, అంటే అన్నిటికన్నా తక్కువ దూరానికి, తగ్గించుకోకండి, దయచేసి. కాలు ఖాళీగా ఉంటే వేగం కూడా తెలియకుండా పెరుగుతుంది: అమెరికాలో ఐఐహెచ్‌ఎస్ అనే రోడ్డు భద్రతా సంస్థ 2021 అధ్యయనంలో అడాప్టివ్ ఆన్‌లో ఉన్నప్పుడు డ్రైవర్లు స్పీడ్ లిమిట్ దాటే అవకాశం 24 శాతం ఎక్కువని తేలింది.

చీకటి పడ్డాక మాత్రం ఆఫ్ చేసేయండి. ఎక్కువ వేగంలో రాడార్ కదలని వస్తువుల్ని చాలావరకు లెక్కలోకి తీసుకోదు, లేకపోతే ప్రతి బోర్డుకీ, వంతెనకీ బ్రేక్ వేయాల్సి వస్తుంది. మన రోడ్లపైనేమో వెనక లైటు కూడా లేకుండా లేన్‌లోనే ఆగిపోయిన లారీలు. అక్కడ మీ కళ్లూ మీ కాలే దిక్కు.

ఇక బెంగళూరు ట్రాఫిక్‌లో నడపడానికైతే, అడాప్టివ్‌లో పేరొకటే గానీ రెండు రకాలున్నాయి. కొన్ని వేగం 30 కిందికి పడగానే చేతులెత్తేస్తాయి, స్టాప్ అండ్ గో ఉన్నవి పూర్తిగా ఆగి, ముందు బండి కదిలితే మళ్లీ కదులుతాయి. ఎప్పుడూ ట్రాఫిక్ జామయ్యే సిల్క్ బోర్డు జంక్షన్ దగ్గర మొదటి రకం శుద్ధ దండగ. షోరూమ్‌వాళ్లు రెండింటినీ ఒకే పేరుతో అమ్ముతారు కాబట్టి టెస్ట్ డ్రైవ్‌కి ఖాళీ రోడ్డు కాకుండా సాయంత్రంపూట ఔటర్ రింగ్ రోడ్డు అడగండి, బ్రేక్ మీద కాలు సిద్ధంగా ఉంచుకుని సున్నా దాకా తనే ఆగుతుందో లేదో చూశాకే అడ్వాన్స్ కట్టండి.