లైకా ఎం6, నికాన్ జెడ్ ఎఫ్: చేత్తో ఫోకస్ చేసేవారికి ఏ కిటికీ మేలు?

నా దగ్గర ఒక పాత లైకా ఎం6, 2023లో వచ్చిన నికాన్ జెడ్ ఎఫ్ ఉన్నాయి. రెండింటి మీదా అవే 35, 50, 90 మిల్లీమీటర్ల ఎం మౌంట్ లెన్సులు (లైకా ఎం కెమెరాల అమరికకు సరిపోయేవి) వాడుతున్నాను, జెడ్ ఎఫ్‌కు అడాప్టర్‌తో. మొదటిది ఫిల్ము కెమెరా, రెండోది డిజిటల్. అందుచేత ఫోటోల నాణ్యతను పక్కన పెట్టి, ఫోకస్ రింగును చేత్తో తిప్పుతూ కన్ను పెట్టి చూసే ఆ చిన్న కిటికీ ఏ కెమెరాలో ఎంత నమ్మకంగా పనిచేస్తుందన్న ఒక్క విషయమే ఇక్కడ రాస్తున్నాను.

ఎం6లో మనం లెన్సు గుండా చూడం. కెమెరా ముందు వైపు 69.25 మిల్లీమీటర్ల ఎడంతో రెండు కిటికీలుంటాయి. పెద్ద కిటికీ నుంచి మొత్తం దృశ్యం, చిన్న కిటికీ నుంచి అదే దృశ్యంలోని కొంత భాగం వచ్చి, మధ్యనున్న ప్యాచ్‌లో, అంటే ఒక చిన్న వెలుగు గడిలో, ఒకదాని మీద ఒకటి పడతాయి. ఫోకస్ రింగు తిప్పినప్పుడు లెన్సు వెనుక అంచు కెమెరా లోపలి చిన్న చక్రాన్ని నెడుతుంది, ప్యాచ్‌లోని బొమ్మ పక్కకు జరుగుతుంది, రెండు బొమ్మలూ ఒకటైన చోట దూరం కుదిరినట్టు. అంటే రేంజ్‌ఫైండర్ అనే ఈ యంత్రాంగం కొలిచేది దూరాన్నే. లెన్సు వేసే బొమ్మ ఎంత పదునుగా ఉందో దానికి ఏమాత్రం తెలియదు. జెడ్ ఎఫ్‌లో పద్ధతి దీనికి పూర్తిగా తలకిందులు. లెన్సు గుండా వచ్చి సెన్సార్ మీద పడిన బొమ్మే 36.9 లక్షల డాట్ల చిన్న తెర మీద కనిపిస్తుంది కాబట్టి పదును కంటికి తెలుస్తుంది, దూరం తెలియదు. నా అభిప్రాయాలన్నీ ఈ ఒక్క తేడాలోంచి పుట్టినవే.

ముందుగా 35 మిల్లీమీటర్ల లెన్సు సంగతి. అపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్/2 దగ్గర ఉంచి, రెండు మీటర్ల దూరంలో నిలబడిన మనిషిని తీసేటప్పుడు పదునుగా వచ్చే మేర సుమారు 40 సెంటీమీటర్లు ఉంటుంది. జెడ్ ఎఫ్ తెర మీద ఆ దృశ్యం మొత్తాన్ని చూస్తూ రింగు తిప్పితే ముఖం, దాని వెనుక భుజం, ఇంకా వెనుకనున్న తలుపు, అన్నీ దాదాపు ఒకే పదునుతో కనిపిస్తాయి. ఎక్కడ ఆపాలో కంటికి అందదు. బటన్ నొక్కి బొమ్మను పెద్దది చేసుకుంటే కచ్చితంగా తెలుస్తుంది గానీ, ఆ క్షణంలో చుట్టూ ఉన్న ఫ్రేమంతా కనుమరుగై, తిరిగి వచ్చేసరికి మనిషి తల తిప్పేసి ఉంటాడు. ఎం6కు ఈ చిక్కు లేదు. దాని కిటికీ దృశ్యాన్ని 0.72 రెట్లకు తగ్గించి చూపిస్తుంది కాబట్టి కొలతకు పనికొచ్చే ఎడం సుమారు 50 మిల్లీమీటర్లవుతుంది, ముందు ఏ లెన్సు తగిలించినా అది అంతే ఉంటుంది. వెడల్పైన దృశ్యం చూపే లెన్సులకు ఈ నిలకడే పెద్ద బలం. పైగా కిటికీలో ఫ్రేము హద్దులు చూపే 35 గీతల బయట కూడా కొంత దృశ్యం కనిపిస్తూ ఉండటం వల్ల, ఫ్రేములోకి అడుగు పెట్టబోయే మనిషిని ముందుగానే చూడవచ్చు.

90 మిల్లీమీటర్ల లెన్సుకు వచ్చేసరికి పరిస్థితి తిరగబడుతుంది. ఎఫ్/2 దగ్గర, మీటరు దూరంలో పదునుగా వచ్చే మేర ఒకటిన్నర సెంటీమీటరుకు మించదు. ఎం6 కిటికీలో 90 గీతలు అగ్గిపెట్టెంత కనిపిస్తాయి, ప్యాచ్‌లో కనురెప్పను కనురెప్పతో కలపడం ఓపికకు పరీక్షే. జెడ్ ఎఫ్ ఇక్కడ నిజంగా గొప్పది. చేత్తో ఫోకస్ చేస్తున్నప్పుడు కూడా కంటిని గుర్తించి దాని చుట్టూ చిన్న పెట్టె గీస్తుంది, బటన్ నొక్కితే నేరుగా ఆ కన్నే తెర నిండా పెద్దదవుతుంది. ఈ ఒక్క సౌకర్యం కోసమే పాత లెన్సులున్నవారు దాన్ని కొనుక్కోవచ్చని నా అభిప్రాయం.

మా మేనకోడలి పెళ్లిలో రెండు కెమెరాలనూ 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.5 లెన్సుతో వాడాను. ముహూర్తం తెల్లవారుజామున. జీలకర్ర బెల్లం పెడుతున్నప్పుడు జెడ్ ఎఫ్‌లో ఫోకస్ కుదిరిన అంచులకు రంగు పూసే ఫోకస్ పీకింగ్ పెట్టుకుని చూస్తే, పెళ్లికూతురి పట్టుచీర జరీ అంచు మొత్తం ఎర్రటి చుక్కలతో వెలిగిపోయింది, ముఖం మాత్రం మసకగానే వచ్చింది. పీకింగ్ వెలుగు నీడల తేడా ఎక్కడ గట్టిగా ఉంటే అక్కడ రంగు పూస్తుంది, జరీ కొంచెం ఫోకస్ తప్పినా మెరుస్తూనే ఉంటుంది. జరీ బట్టలున్న చోట దాన్ని ఆపేసి, బొమ్మను పెద్దది చేసుకుని చూసుకోవడమే మంచిదని ఆ రోజు తెలుసుకున్నాను. అదే మంటపంలో ఎం6 ప్యాచ్‌ను దీపం కుందె మీద పెడితే, పక్కపక్కనే రెండు వత్తులు వెలుగుతున్నట్టు కనిపించి, రింగు ఒక వెంట్రుకవాసి తిప్పగానే ఒకే జ్వాల అయింది. చీకటిలో అంత తేలికైన గురి మరొకటి ఉండదు. అయితే పురోహితుడి తెల్లటి ఉత్తరీయం మీద ప్యాచ్‌కు పట్టు దొరకలేదు. ప్యాచ్‌లో బొమ్మ పక్కకు జరుగుతుంది కాబట్టి దానికి నిలువు అంచు ఒకటి కావాలి. అడ్డగీతలే ఉన్న చోట కెమెరాను కాస్త వంచాలి. కిటికీ ఊచల్లా ఒకే తీరు నిలువు గీతలు వరసగా ఉంటే, ఒక ఊచ పక్క ఊచతో కలిసిపోయి ఫోకస్ కుదిరిందని భ్రమ కలిగిస్తుంది.

ఎం6లో నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టిన లోపం ఎదురు వెలుగు. కిటికీ మీద పక్క నుంచి ఎండ పడితే ప్యాచ్ తెల్లగా పాలిపోయి మాయమవుతుంది, కన్నును అటూ ఇటూ జరిపితే గానీ తిరిగి కనిపించదు. 2003లో వచ్చిన లైకా ఎంపీ కెమెరాలో ఈ లోపాన్ని చాలావరకు సరిచేశారు, 2022లో తిరిగి విడుదలైన ఎం6లోనూ ఆ మెరుగుపరచిన కిటికీనే పెట్టారు. మరొక ఇబ్బంది కళ్లజోడువారికి: 28 మిల్లీమీటర్ల గీతల మూలలు వారికి ఒక్క చూపులో కనిపించవు. జెడ్ ఎఫ్‌లో కంటి చూపుకు తగ్గట్టు సర్దే డయాప్టర్ తిప్పి కళ్లజోడు తీసేసి చూడవచ్చు.

ఇంతకన్నా తీవ్రమైనది రేంజ్‌ఫైండర్ దెబ్బతినడం. ఒకసారి రాత్రంతా బస్సు ప్రయాణం చేసి వచ్చాక ఒక ఫిల్ము రోలు తీశాను. ముప్పయ్యారు ఫ్రేముల్లోనూ ఫోకస్ కోరుకున్న చోటికి ముందే పడింది, ఆ సంగతి ఫిల్ము కడిగాక గానీ తెలియలేదు. కెమెరా సర్దించుకోవడానికి ఆరు వారాలు పట్టింది. జెడ్ ఎఫ్‌లో చూసిన బొమ్మే రికార్డవుతుంది కాబట్టి ఇటువంటి నష్టం దాదాపు జరగదు. అపర్చర్ మూసేకొద్దీ ఫోకస్ వెనక్కి జరిగే స్వభావమున్న లెన్సులతోనూ అంతే. తీయబోయే అపర్చర్ దగ్గరే ఫోకస్ చేసుకుంటే ఆ జరుగుడు తెర మీద ముందే కనిపిస్తుంది, రేంజ్‌ఫైండర్‌కు అది ఎప్పటికీ కనిపించదు. ఎం6 కొలత 0.7 మీటర్ల దగ్గర ఆగిపోతుందని, జెడ్ ఎఫ్‌కు లెన్సును కాస్త ముందుకు జరిపే దగ్గరి ఫోకస్ అడాప్టర్ తగిలిస్తే అంతకన్నా దగ్గరికి వెళ్లవచ్చని కూడా గుర్తుంచుకోవాలి.

ఇన్ని చెప్పినా వీధిలోకి వెళ్లేటప్పుడు నా మెడలో ఉండేది 35 తగిలించిన ఎం6. పిల్లల ముఖాలు దగ్గరగా తీయాలంటే 90తో జెడ్ ఎఫ్ పట్టుకెళతాను. ఒకే కెమెరా కొనగలిగినవారు, 50 కన్నా పొడవైన లెన్సులు తరచూ వాడేట్టయితే, సందేహం లేకుండా జెడ్ ఎఫ్ తీసుకోవాలి. పాత ఎం6 కొనాలనుకునేవారు దుకాణంలో బేరం ముగించే ముందు ఒక రాత్రి గడువు అడగండి. లెన్సును అనంతం గుర్తు దాకా తిప్పి, ప్యాచ్‌ను చంద్రుడి మీద పెట్టి చూడండి. చంద్రుడు ఒక్కడే కనిపించాలి. పక్కపక్కన ఇద్దరు కనిపించినా, ఒకరు పైన ఒకరు కింద ఉన్నట్టు కనిపించినా, సర్దుబాటుకయ్యే ఖర్చును ధరలోంచి తగ్గించమనండి.