సంతలో కొన్న చెంచాలు, ఉదయగిరిలో చూసిన చెంచాలు

ఉదయగిరి చెక్క చెంచాలంటూ సంతలో నాకు 450 రూపాయలకు అంటగట్టిన ఆరు చెంచాలూ ఉదయగిరివి కావు. ఆ సంగతి ముందే చెప్పేస్తే మిగతాది స్థిమితంగా రాయగలను.

నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా ఉదయగిరికి రమారమి వంద కిలోమీటర్లు. మావారు, అత్తయ్య, నేను తెల్లవారుజామునే కారులో బయలుదేరాం. దారిలో ఒక పల్లెలో వారపు సంత. ఏడున్నరకల్లా అక్కడున్నాం.

సంత మొదట్లోనే ఆశీలు, అంటే సంత రుసుము, దగ్గర తగువు. ఆశీలు వసూలు చేసుకునే హక్కును పంచాయతీ వేలం వేస్తుంది, పాట పాడుకున్నవారు వసూలు చేసుకుంటారు. అది పద్ధతే. కానీ చీటీ మీద కారుకు 20 రూపాయలని అచ్చు వేసి 50 అడగడం ఏ పద్ధతి? మావారు చీటీ చూపించి నిలదీశారు. వెనక బండ్లు ఆగిపోయాయి, ఇచ్చేసి లోపలికి వెళ్ళాం. ముప్ఫై రూపాయల కోసం కాదు, గంపెడు తోటకూర నెత్తిన పెట్టుకుని వచ్చే మనిషి దగ్గరా ఇలాగే లాగితే ఆమెకు మిగిలేది ఏమిటని ఆయన బాధ. గంటసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

అత్తయ్యకు మాత్రం సంతలో అడుగు పెట్టగానే ప్రాణం లేచి వచ్చింది. మోకాళ్ళ నొప్పులని ఇంట్లో మెట్లు కూడా ఎక్కని మనిషి, ఎండు చేపల వరుస చివరిదాకా రెండుసార్లు తిరిగారు. తీరం నుంచి తెచ్చిన నెత్తళ్ళు, ఎండు రొయ్యలు గోనెపట్టాల మీద పోగులు పోసి ఉన్నాయి. పోగు 60 అంటే అత్తయ్య ఒక నెత్తల్ని తీసి విరిచారు. పుటుక్కున విరిగితే బాగా ఎండినట్టు, వంగితే లోపల తడి ఉన్నట్టు. మూడో పట్టా దగ్గర విరిగింది. "రెండు పోగులు 100కి ఇవ్వమ్మా" అన్నారు. "మీరు చేప ఎరిగినవారు పెద్దమ్మా, తీసుకోండి" అని ఆమె పైన మరో గుప్పెడు వేసింది.

వెదురు చేట 180, తాటిబెల్లం అరకిలో 120. రెండూ బాగున్నాయి.

ఇక భోజనం. చింతచెట్టు కింద మూడు రాళ్ళ పొయ్యి మీద మట్టిదాక పెట్టుకుని ఒక అవ్వ సంగటి వడ్డిస్తోంది. రాగి సంగటి ముద్ద, నెత్తళ్ళు వంకాయ పులుసు, పచ్చి ఉల్లిపాయ, అంతా కలిపి 60 రూపాయలు. నెత్తళ్ళ తలలు గిల్లేసి, ఉత్త మూకుడులో దోరగా వేయించి, వేడినీళ్ళలో కడిగి అప్పుడు పులుసులో వేస్తుందట. అందుకే నీచు వాసన లేదు, ఇసుక తగల్లేదు. ముద్ద మధ్య గుంట చేసి పులుసు పోసి ఇచ్చింది. అత్తయ్య తలెత్తకుండా తిని, రెండో ముద్ద అడిగి, "మా అమ్మ చేతి పులుసు ఇదే" అన్నారు. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసి మావారు కూడా కోపం మరిచి పక్కన కూర్చున్నారు. నెల్లూరులో 300 పెట్టి తిన్న చేపల పులుసు ఏదీ నాకు ఇంత తృప్తినివ్వలేదు.

చెంచాలు కొన్నది ఆ తరువాతే. బల్ల మీద నిగనిగలాడుతూ పరిచి, "అసలైన ఉదయగిరి సరుకమ్మా" అని 700 చెప్పి 450కి ఇచ్చాడు.

ఉదయగిరిలో కొండ మీది దుర్గం చూడాలని మావారి కోరిక. శ్రీకృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి 1514లో ఒడిశాను ఏలిన గజపతి రాజుల నుంచి గెలిచిన కోట అది. ఆయన కొండవైపు వెళితే నేను, అత్తయ్య చెంచాలు చెక్కే ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాం. ఉదయగిరి చెక్క చెంచాలకు 2015లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. నర్ది, బిక్కి వంటి అడవి కర్రతో చేస్తారు.

వసారాలో కూర్చున్న ఆమెకు నా చెంచా చూపించాను. మాట్లాడకుండా గ్లాసు నీళ్ళలో ముంచి తన తెల్లటి పైటచెంగుతో గట్టిగా తుడిచింది. చెంగుకు ఎర్రటి మరక అంటింది. "ఇది మా పని కాదమ్మా, యంత్రం మీద కోసి రంగు పూశారు" అంది. తరువాత తాను చెక్కుతున్న ఫోర్కు నా చేతిలో పెట్టింది. రంగు లేదు, మెరుపు లేదు. కర్ర చార పిడి నుంచి పళ్ళ కొసదాకా తెగకుండా పారింది. పిడి చివర పువ్వు రేకుల్లో ఆకురాయి గీతలు ఒక్కొక్కటీ ఒక్కో తీరుగా ఉన్నాయి. నా ఆరు చెంచాల పువ్వులూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉన్నాయి. అక్కడే ఆ తేడా చూసుకోవలసింది.

ఆమె దగ్గర ఆరు చెంచాలు 600. బేరం ఆడబోతే అత్తయ్య నా చెయ్యి పట్టుకుని ఆపారు.

మీరు వెళితే సంతకు ఎనిమిదిలోపు చేరండి, సంగటి తినండి, ఎండు చేపలు విరిచి చూసి కొనండి. చెంచాలు మాత్రం ఉదయగిరిలో చెక్కేవారి ఇంట్లోనే కొనండి. నా ఎర్ర చెంచాలు ఆరూ కాగితంలో చుట్టి కారులోనే ఉంచాను. మళ్ళీ సంతకు వెళ్ళినప్పుడు ఆ బల్ల మీదే, కొనడానికి వచ్చినవారి ఎదురుగా, నీళ్ళలో ముంచి చూపించి నా 450 అడుగుతాను.