పాలపిట్ట నీలం కోసం కోఠిలో మెట్లెక్కితే

కోఠిలో బ్యాంక్ స్ట్రీట్ పక్క సందులో, రెండో అంతస్తులో ఓ ఫొటో ప్రింటింగ్ ల్యాబ్ ఉంది. బోర్డు మీద అక్షరాలు సగం ఊడిపోయాయి. కింద ఇయర్‌ఫోన్లు అమ్మే కుర్రాణ్ని అడిగితే తల ఎత్తకుండానే చెయ్యి పైకి చూపిస్తాడు. ఐదుకి నాలుగు ఇస్తున్నా, ఆ తగ్గిన ఒకటి ఎందుకో తర్వాత చెప్తా.

నేను ఆదివారం ఫొటోగ్రాఫర్‌ని. వారమంతా ఆఫీసు, ఆదివారం తెల్లవారుజామున అమీన్‌పూర్ చెరువు. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన చెరువు అది, ఇప్పుడు గట్టు మీద నిలబడితే పిట్టల కంటే ముందు అపార్ట్‌మెంట్లే కనిపిస్తాయనుకోండి. పోయిన చలికాలం అందరూ లెన్సులు ఫ్లెమింగోల వైపు తిప్పి కూర్చుంటే నేను వెనక కరెంటు తీగ మీది పాలపిట్టను పట్టుకున్నా. తీగ మీద ఉన్నంతసేపూ అది మట్టిరంగు ముద్దే. లేచిందా, రెక్కల్లో లేత నీలం, ముదురు నీలం ఒక్కసారిగా విచ్చుకుంటాయి. షట్టర్ స్పీడ్ సెకనులో 1/2500 వంతు పెట్టుకుని నలభై నిమిషాలు మెడ ఎత్తి నిలబడితే ఒక్క ఫ్రేమ్ పడింది.

దసరాకి ముందు దాన్ని ఓ పత్రికకు పంపాను. గుళ్ల దగ్గర పంజరంలో పెట్టి చూపించి డబ్బులడిగే పాలపిట్ట కాకుండా స్వేచ్ఛగా ఎగురుతున్నది కాబట్టి వేసుకుంటాం అని ఎడిటర్ మెయిల్ చేశారు. అరపేజీ, 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), రా ఫైల్ (కెమెరాలో పడిన అసలు ఫైల్) కూడా పంపమన్నారు. నా ఫొటో అచ్చులో రావడం అదే మొదటిసారి. మెయిల్ మూడుసార్లు చదివి సంబరపడ్డా, నాలుగోసారికి టెన్షన్ పట్టుకుంది, అందుకే పంపేముందు కాగితం మీద ఎలా ఉంటుందో చూసుకుందామని ఇక్కడికి వెళ్లా.

మొదటి టెస్ట్ ప్రింట్ చూసి గుండె జారింది. ఉదయం ఏడింటికి తీసిన ఆకాశం సాయంత్రం ఏడింటిలా ఉంది. ప్రింటర్ పాడైందేమో అన్నాను. ల్యాబ్ నడిపే భాయ్ (అందరూ అలాగే పిలుస్తారు, నేనూ అంతే) నవ్వి, "తమ్మీ, ల్యాప్‌టాప్ బ్రైట్‌నెస్ ఎంత పెడ్తవ్?" అన్నాడు. ఫుల్లే పెడతా. తెర అంత వెలుగుతుంటే ఫొటో బాగానే ఉందనుకుని మనమే చీకటి చేసేస్తామట. కాగితానికి సొంత వెలుగు ఉండదుగా.

రెండోది క్రాప్. మా కెమెరా 24 మెగాపిక్సెల్, అంటే 6000 బై 4000. పిట్ట పెద్దగా కనపడాలని కోసి కోసి 1800 బై 1200కి తెచ్చిపెట్టా. ఎనిమిది అంగుళాల వెడల్పున వేస్తే అంగుళానికి 225 పిక్సెళ్లే, వాళ్లడిగింది 300. పిక్సెళ్లు సాగదీయొద్దన్నాడు. ఒరిజినల్ తెరిపించి, పిట్ట ఎగిరే వైపు ఖాళీ వదిలి 2700 బై 1800కి మళ్లీ క్రాప్ చేయించాడు. పిట్ట చిన్నదైంది, నిజం చెప్పాలంటే ఫొటో బాగుపడింది.

ఇక నీలం. దీనికే నేను ఐదూ ఇచ్చేద్దామనుకున్నా. ల్యాబ్ ప్రింటర్‌లో ఎనిమిది రంగుల ఇంకులున్నాయి, పత్రిక ప్రెస్‌లో ఉండేవి నాలుగే, కాబట్టి ఇక్కడ మెరిసే నీలం అక్కడ ఊదాకి తిరిగే ప్రమాదం ఉంది. "గింత నీలం ప్రెస్‌ల రాదు, ఇప్పుడే చూసుకో" అని ప్రెస్ రంగులను కంప్యూటర్లో అనుకరించి, మామూలు మ్యాట్ (మెరుపు లేని) కాగితం మీద ఇంకోటి తీసిచ్చాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే రెక్క అంచున వంకాయ రంగు తేలింది. అక్కడికక్కడే కూర్చోబెట్టి నీలంలో ఎరుపు కాస్త తగ్గింపించాడు. మూడు టెస్ట్ ప్రింట్లకి కలిపి తీసుకున్నది 150 రూపాయలు.

ఒకటి తగ్గించింది టైం విషయంలో. అరగంట అన్న పని రెండున్నర గంటలు పట్టింది, ఫోన్ చేస్తే ఎత్తడు, కూర్చోవడానికి ఒక్క స్టూలు, దాని మీద కాగితం కట్టలు. రెండోసారి వెళ్లినప్పుడు నా కవరులో ఎవరివో పాస్‌పోర్ట్ ఫొటోలు పెట్టిచ్చాడు, సుల్తాన్ బజార్ మెట్రో దాకా నడిచి వెనక్కి రావాల్సొచ్చింది. బండి తీసుకెళ్లడం గురించి అసలు ఆలోచించకండి.

సంచిక వచ్చింది. నా ఇంటిపేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది, పారితోషికం అంటే ఒక కాపీ. నీలం మాత్రం దాదాపు ఆ మ్యాట్ ప్రింటులో చూసినట్టే ఉంది. ఇంకో కాపీ కొని భాయ్‌కి ఇస్తే పేజీని భూతద్దం కింద పెట్టి చుక్కలు లెక్కపెట్టినట్టు చూసి, "ప్రెస్సోడు మంచిగ చేసిండు" అన్నాడు. నా గురించి ఏమీ అనలేదు.

వెళ్లేవాళ్లు ఒరిజినల్ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లండి, వాట్సాప్‌లో పంపిన ఫొటో చూపిస్తే తిడతాడు. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి షాపు మూస్తాడు, మూడు దాటాక వెళ్లండి.