ఒరుగులకు ఎండా, డీహైడ్రేటరా?

డీహైడ్రేటర్ అంటే ట్రేల్లో పరిచిన ముక్కలను వేడి గాలితో ఆరబెట్టే కరెంటు మెషీన్. మామిడికాయ ఒరుగులకైతే నా ఓటు ఎండకే. ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి, డాబా మీద పల్చటి బట్ట కప్పి ఆరబెడితే మే నెల ఎండకి కొద్ది రోజుల్లోనే గలగలలాడతాయి. ఖర్చు లేదు, ఎన్ని కిలోలైనా పడతాయి. తాండ్ర కూడా అంతే. పొర ఆరాక దాని మీద మరో పొర పోస్తూ రోజుల తరబడి మందం పెంచాలి, మెషీన్ చిన్న ట్రేల్లో అది కుదరదు.

కానీ వానాకాలంలో, అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఆ ఎండ ఏది? రెండు రోజులు మబ్బు పట్టిందంటే ముక్కలకు బూజే. అక్కడ డీహైడ్రేటర్ నిజంగా ఆదుకుంటుంది. అర సెంటీమీటరు మందాన తరిగిన టమాటా, అరటి, యాపిల్ ముక్కలు 57 డిగ్రీల దగ్గర సుమారు 8 నుంచి 12 గంటల్లో ఆరతాయి. దుమ్ము, ఈగల టెన్షన్ ఉండదు. 500 వాట్ల మెషీన్ 10 గంటలు ఆగకుండా నడిస్తే మాత్రం 5 యూనిట్ల కరెంటు. అందుకే ట్రేలన్నీ నింపి వేయండి.

కరివేపాకు, మునగాకు ఎండలో పెట్టకండి, రంగూ వాసనా పోతాయి. మెషీన్‌లో 40 డిగ్రీలు దాటకుండా, లేదా నీడలో ఫ్యాన్ కింద. ఎలా ఆరబెట్టినా, పూర్తిగా చల్లారాకే సీసాలో పోసి మూత పెట్టండి.