కరెంటు పోయి వస్తే సెట్టింగులు చెరిగిపోతున్న ఏరేటర్ కంట్రోలర్: కొనేముందు జాగ్రత్త

ఉండి, ఆకివీడు, కాళ్ళ వైపు వనామి రొయ్యల చెరువులు చేస్తున్న రైతులందరికీ ఈ సంగతి వెంటనే తెలియాలి. ఏరేటర్లను (చెరువు నీళ్ళలో గాలి కలిపే యంత్రాలను) తనంతట తానే నడుపుతుందంటూ ఈ మధ్య ఒక కంట్రోలర్ పెట్టె అమ్ముతున్నారు. మేమూ కొని గట్టు మీద బిగించాం. ఒక అర్ధరాత్రి కరెంటు పోయి వచ్చింది కానీ ఏరేటర్లు తిరగలేదు. కాపలా మనిషి ఫోను చేస్తే వెళ్ళి చూశాం. కరెంటు రాగానే మోటార్లన్నీ ఒకేసారి లోడు లాగకుండా మేం పెట్టుకున్న ఆలస్యం ఒక్క నిమిషం. తెర మీద ఉన్నది 255 నిమిషాలు. అంటే నాలుగుంపావు గంటలు! నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోయే తెల్లవారుజాము అందులోనే గడిచిపోయేది. స్టార్టర్లు చేత్తో నొక్కాం కనుక రొయ్య దక్కింది.

అమ్మినవారు వోల్టేజీ తేడా అని తేల్చేశారు. కాదు, తప్పు వారి ప్రోగ్రాముదే. బోర్డులు తయారుచేసే ఇంజినీరు ఒకరు విప్పి చూశారు. ఈ పెట్టెలోని చిప్ మెమరీలో పాత అంకెను చెరిపి, ఆ తరువాతే కొత్తది రాస్తుంది. ఆ రెంటి మధ్య కరెంటు పోతే ఖాళీ గడి మిగులుతుంది. దాన్ని చదివితే వచ్చేదే 255. పైగా ఈ పెట్టె ఏమీ మారకపోయినా సెట్టింగులన్నీ నిమిషానికోసారి అదే చోట తిరగరాస్తోంది. ఆ గడులకు తయారీదారు ఇచ్చే హామీ లక్ష రాతలు. రోజుకు 1440 చొప్పున 70 రోజుల్లో అయిపోతాయి. పంట మూడు నాలుగు నెలలది! రొయ్య ఎదిగి, ఆక్సిజన్ ఎక్కువ కావలసిన రోజుల్లోనే మెమరీ మొరాయించవచ్చు.

సరిగా చేసిన పెట్టె సెట్టింగులు మార్చినప్పుడే రాస్తుంది. రెండు ప్రతులు ఉంచి, ఒక్కోదానికి చెక్‌సమ్ (అంకెలు చెడ్డాయో లేదో పట్టిచ్చే లెక్క) వేస్తుంది. రెండూ చెడితే ఏరేటర్లు వేసేసి, అలారం మోగిస్తుంది. కొనేముందు దుకాణంలోనే సేవ్ నొక్కిన వెంటనే ప్లగ్గు లాగండి. ఒకసారి చాలదు, పదేపదే లాగి సెట్టింగులు నిలిచాయో లేదో చూడండి. ఆలస్యం 200 నిమిషాలని కొట్టండి. మారు మాట్లాడకుండా తీసుకుంటే ఆ పెట్టె వద్దు.

ఇప్పటికే కొన్నవారు దాన్ని ఆటో నుంచి తప్పించి మాన్యువల్‌లో పెట్టుకోండి. రాత్రి కరెంటు వచ్చిన ప్రతిసారీ ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చూడమని కాపలా వారికి గట్టిగా చెప్పండి.